'హీ గో' అంటే నవ్వేవాళ్ళకి, ఆ నవ్వుకి భయపడి నోరు మూసుకునేవాళ్ళకి



పోస్టు కాస్త పెద్దది. తీరిక చూసుకుని చదవండి. హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కూడా చదివి వినిపించండి. విషయం ఇంగ్లిష్. కానీ స్పోకెన్ ఇంగ్లిష్ ప్రకటనల్లో చెప్పే 'ముప్పై రోజుల్లో' లాంటి మాటలు ఇందులో ఉండవు.

మేము మండపేటలో ఉంటున్న గిరిజన విద్యార్థులం. కొందరం డిగ్రీ చదువుతున్నాం. కొందరం పోటీ పరీక్షలకి తయారవుతున్నాం. కొందరం రైస్ మిల్లులోనో, కోళ్ళ ఫారంలోనో పని చేసుకుంటూ ప్రైవేటుగా పరీక్షలు కడుతున్నాం. చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం వైపు నుంచి దిగి వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలం ఉన్నాం. ఈ డెల్టాలోనే పుట్టి పెరిగిన ఎరుకల, యానాది కుటుంబాల పిల్లలమూ ఉన్నాం. మా అందరి ఇళ్ళలో భాష ఒకటి కాదు. కానీ ఇంగ్లిష్ క్లాసులో మా అందరికీ ఎదురయ్యేది ఒక్కటే: నవ్వు.

ఎవరైనా లేచి 'మై ఫాదర్ గో టు ఫీల్డ్' అంటారు. క్లాసు నవ్వుతుంది. ఆ కుర్రాడు కూర్చుంటాడు. ఆ ఏడాది మళ్ళీ లేవడు. ఆ అమ్మాయి ఇంటర్వ్యూ అంటే భయపడి అప్లికేషనే పెట్టదు. ఒక చిన్న 'ఎస్' అక్షరం దగ్గర మన పిల్లల చదువు ఆగిపోతోంది. మా అభిప్రాయం సూటిగా చెప్తాం. అది తెలివి తక్కువై వచ్చిన తప్పు కాదు. సర్వనామానికీ క్రియకీ ఉండే ముడి మన పిల్లలకి పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లిష్ వాడికన్నా ఎక్కువే తెలుసు. తెలిసినదాన్ని పక్కన పెట్టి, తెలియనిదాన్ని పట్టిక రాసి బట్టీ పట్టిస్తున్నారు. తిప్పలన్నీ అక్కడే మొదలు.

ఎలాగో చూద్దాం.

తెలుగులో తినడం అనే మాట తీసుకోండి. తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నది, తిన్నాము, తిన్నారు. ఇప్పుడు ప్రతి మాట చివరి అక్షరం మాత్రం వినండి. నేను అనే మాట చివర 'ను', తిన్నాను చివర 'ను'. నీవు చివర 'వు', తిన్నావు చివర 'వు'. వాడు చివర 'డు', తిన్నాడు చివర 'డు'. అది, తిన్నది. మేము, తిన్నాము. వారు, తిన్నారు. అంటే సర్వనామం తన తోకని తీసుకెళ్ళి క్రియకి తగిలించేసింది. అందుకే మనం 'తిన్నావా?' అంటే చాలు, 'నువ్వు' అనక్కర్లేదు. 'తిన్నాను' అంటే చాలు, 'నేను' అనక్కర్లేదు. మనిషి క్రియలోనే ఉన్నాడు.

ఇది తెలుగు ఒక్కదాని గొప్ప కాదు. కోయ, గోండి, కొండ, కువి, ఎరుకల, ఇవన్నీ తెలుగుతో పాటు ద్రావిడ కుటుంబానివే. ఈ కుటుంబంలో క్రియకి మనిషి తోక ఉండటం మామూలు సంగతి. కోయలో 'నన్న' అంటే నేను. మీ ఇంట్లో 'నేను వచ్చాను', 'నువ్వు వచ్చావు', 'అతను వచ్చాడు' అని మీ భాషలో వరసగా పలికి చూడండి. మనిషి మారితే చివర ఏం మారుతోందో మీ చెవికే తెలుస్తుంది. సవర భాష వేరే కుటుంబం, ముండా కుటుంబం. అందులో చేసినవాళ్ళే కాదు, ఎవరిని చేశారో అది కూడా క్రియలోకే చేరుతుంది. ఆ భాషకి పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ళ తరబడి కష్టపడి వ్యాకరణం రాశారు. 1931లో మద్రాసులో అచ్చయింది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేసేవాళ్ళలో ఎంతమందికి ఆయన సవర పిల్లలకి సవరలోనే పాఠాలు రాశారని గుర్తుంటుందో మరి. కొండ భాష, దాన్నే కుబి అని కూడా అంటారు, దానికి భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో వ్యాకరణం వేశారు. పెద్ద పెద్ద పండితులు కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చిన వ్యాకరణం మన అమ్మమ్మలు బడి మొహం చూడకుండానే మాట్లాడారు. ముందు ఈ మాట మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు ఇంగ్లిష్ వైపు వద్దాం.

సుమారు వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిష్‌లో కూడా క్రియకి తోకలు ఉండేవి. నేనుకి ఒకటి, నువ్వుకి ఒకటి, అతనికి ఒకటి, బహువచనానికి ఒకటి. తరాలు గడిచేకొద్దీ అవి అరిగిపోయాయి. 1611లో వచ్చిన ఇంగ్లిష్ బైబిల్లో 'హీ గోయెత్' అని కనిపిస్తుంది. ఆ 'ఎత్' పోయి 'ఎస్' నిలిచింది. ఐ గో, యూ గో, వీ గో, దే గో. వీటికి తోక లేదు. హీ, షీ, ఇట్. ఈ మూడింటికి మాత్రం 'గోస్'. అంటే ఇంగ్లిష్‌లో 'ఎస్' అనేది ఎక్కడి నుంచో ఊడిపడిన కొత్త రూలు కాదు. ఊడిపోయిన తోకల్లో మిగిలిపోయిన ఆఖరి తోక. మనకి ఆరేడు తోకలుంటే వాళ్ళకి ఒక్కటి మిగిలింది. ఆరేడు తప్పులేకుండా వాడే నోటికి ఒక్కటి కష్టమా?

తోకలు పోయాక ఇంగ్లిష్‌కి ఒక చిక్కు వచ్చింది. 'గో' అని ఊరుకుంటే ఎవరు వెళ్తున్నారో తెలియదు. కాబట్టి సర్వనామం ప్రతిసారీ నోటితో చెప్పి తీరాలి. మనం 'వెళ్తున్నాను' అని ఒక్క మాటతో సరిపెట్టినట్టు వాళ్ళు సరిపెట్టలేరు. మన పిల్లలు 'ఈజ్ గోయింగ్' అని మొదలెట్టి మనిషిని వదిలేస్తారు చూడండి, అది మన భాష అలవాటు.

మరి తోక లేకపోతే ఎలా ఉంటుందో మనకి అసలు తెలియదా? తెలుసు. 'రాలేదు' అనే మాట చూడండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు. అన్నిటికీ ఒక్కటే మాట. ఉత్త 'రాలేదు' అంటే 'ఎవరు?' అని అడుగుతాం. ఇంగ్లిష్‌లో జరిగిపోయిన పనులన్నీ ఇలాగే ఉంటాయి. ఐ కేమ్, యూ కేమ్, హీ కేమ్, దే కేమ్. తోక లేదు, కాబట్టి మనిషిని ముందు చెప్పాలి. 'రాలేదు' వాడటం వచ్చినవాడికి 'కేమ్' వాడటం వచ్చినట్టే.

ఇప్పుడు మనవాళ్ళ నోట మామూలుగా వచ్చే వాక్యాలు కొన్ని చూద్దాం. ప్రతిదాని వెనకా ఒక కారణం ఉంది. కారణం చెప్తే పిల్లాడు మర్చిపోడు.

ఒకటి. 'హీ డజ్ నాట్ గోస్'. ఇక్కడ తోక రెండుసార్లు పడింది. మన భాషలో తోక ఎన్నిసార్లు పడుతుంది? 'సంతకి వెళ్ళి, ఉప్పు కొని, ఇంటికొచ్చి, పడుకున్నాడు.' నాలుగు పనులు చేశాడు, 'డు' మాత్రం ఒక్కసారే, చివర పడింది. వెళ్ళిలో లేదు, కొనిలో లేదు, వచ్చిలో లేదు. ఇంగ్లిష్‌లో కూడా క్రియ మాటలు రెండు మూడు కలిసి వస్తే తోక ఒక్కదానికే. తేడా ఏంటంటే మనం చివరి దానికి పెడతాం, వాళ్ళు మొదటి దానికి పెడతారు. 'డూ' ముందుంది కాబట్టి అదే 'డజ్' అయింది. తోక ఖర్చయిపోయింది. ఇక 'గో' ఉత్తగా ఉండాలి. 'హీ హ్యాజ్ బీన్ వర్కింగ్' అన్నా అంతే, 'హ్యావ్' ఒక్కటే మారింది. మనది చివరి పెట్టెకి, వాళ్ళది మొదటి పెట్టెకి. బండికి తోక మాత్రం ఒక్కటే.

రెండు. 'ఐ యామ్ గో టు కాలేజ్'. ఇక్కడ 'యామ్' ఎందుకు వచ్చింది? తెలుగులో 'నేను' అనగానే చివర 'ను' పడాలని మన మనసు చూస్తుంది. 'ఐ' పక్కన 'యామ్' తరచుగా వినపడటంతో అదే ఆ తోక అనుకుంటుంది. నిజానికి 'యామ్' పూర్తి క్రియ, ఉండటం అనే క్రియ. 'నేను టీచర్ని, నువ్వు టీచర్‌వి, మేము టీచర్లం' అంటాం చూడండి. అక్కడ మనకి క్రియే లేదు, పేరుకే తోక పెట్టేశాం. ఇంగ్లిష్ వాళ్ళు పేరుకి తోక పెట్టలేరు. అందుకని యామ్, ఈజ్, ఆర్ అనే క్రియ మధ్యలో తెచ్చుకుంటారు. కాబట్టి ఒకే గుర్తు: వెళ్ళడం, తినడం లాంటి పని ఉత్తగా ఉంటే 'యామ్' వద్దు. ఎవరో, ఎలా ఉన్నానో చెప్పాలంటే 'యామ్' కావాలి. పని జరుగుతూ ఉందంటే 'యామ్' పెట్టి, పనికి 'ఇంగ్' చేర్చాలి.

మూడు. 'హీ హ్యావ్ టూ బ్రదర్స్'. ఇది అన్నిటికన్నా గట్టిది. తెలుగులో 'వాడికి ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు' అంటాం. 'ఉన్నారు' ఎవరికి తగిలింది? తమ్ముళ్ళకి. వాడికి కాదు. మనం తమ్ముళ్ళని చూసి క్రియ పెడతాం. ఇంగ్లిష్ వాడు ఎవరికి ఉన్నారో అతన్ని చూసి పెడతాడు. 'హీ' ఒక్కడే కాబట్టి 'హ్యాజ్'. తమ్ముళ్ళు పది మంది అయినా 'హ్యాజ్'. 'నాకు ఆకలేస్తోంది' కూడా ఇలాంటిదే. మన వాక్యంలో వేసేది ఆకలి. వాళ్ళ వాక్యంలో ఉన్నది నేను: 'ఐ యామ్ హంగ్రీ'. నాకు, వాడికి, మాకు అని మొదలయ్యే తెలుగు వాక్యం నోటికి వస్తే ఒక్క క్షణం ఆగండి. అక్కడ ఇంగ్లిష్‌లో మనిషి మారతాడు.

నాలుగు. 'ఎవ్రీబడీ ఆర్ హియర్'. మనకి 'అందరూ ఉన్నారు', బహువచనం. వాళ్ళకి 'ఎవ్రీబడీ' అంటే ఒక్కొక్కరూ అని లెక్క, ఏకవచనం. అందుకే 'ఈజ్'. పోలీస్ అనే మాట దీనికి ఎదురు. 'ది పోలీస్ ఆర్ కమింగ్' అనాలి.

ఐదు. ఆడవాళ్ళ గురించి చెప్తూ 'హీ' అనేయడం. తెలుగులో 'ఆమె వచ్చింది, మేక వచ్చింది, బస్సు వచ్చింది'. మూడింటికీ ఒకే తోక. గోండి, కువి, కొండ భాషల్లో ఇంకో అడుగు ముందుకెళ్ళి, ఎక్కువమంది ఆడవాళ్ళున్నా మగవాళ్ళ బహువచనంలో కలపరు, వేరే వరసలో పెడతారు. అంటే మన భాషలు మనుషుల్ని గుంపులుగా విడదీసే పద్ధతి వేరు. హీ, షీ, ఇట్ అని మూడు ముక్కలు చేయడం మనకి అలవాటు లేదు. ఇక్కడ ఊరట ఏంటంటే, మూడింటికీ క్రియ ఒకటే. సర్వనామం తడబడినా క్రియ తప్పదు. బహువచనంలో అయితే మగవాళ్ళూ ఆడవాళ్ళూ మేకలూ బస్సులూ అన్నీ 'దే'.

ఇప్పుడు సంతోషపడే విషయం. కానిస్టేబుల్, గ్రూప్స్, బ్యాంకు, ఎస్సెస్సీ, ఏ పరీక్షకి తయారయ్యేవాళ్ళకైనా తప్పు పట్టుకోమనే ప్రశ్నలు తెలుసు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' తర్వాత ఈజ్ వస్తుందా ఆర్ వస్తుందా? 'ఫ్రెండ్స్' పక్కనే ఉంది కదా అని 'ఆర్' పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. తెలుగులో చెప్పండి: 'మా ఫ్రెండ్స్‌లో ఒకడు వచ్చాడు'. వచ్చారు అనం కదా! కాబట్టి 'ఈజ్'. 'మై ఫాదర్, అలాంగ్ విత్ హిజ్ బ్రదర్స్' అని ఉంటే? 'మా నాన్న తమ్ముళ్ళతో కలిసి వచ్చాడు'. నాన్న ఒక్కడే లెక్క. కాబట్టి 'హ్యాజ్ కమ్'. గైడు పుస్తకంలో దీనికి అరపేజీ రూలు ఉంటుంది. మన నాలుకకి ఆ రూలు ముందే తెలుసు. ఎక్కడ మన భాష సాయం చేస్తుందో, ఎక్కడ అడ్డం పడుతుందో విడదీసి చెప్పేవాళ్ళు కావాలి. అంతే.

ఇక్కడిదాకా వ్యాకరణం. ఇక అసలు మాట.

గోదావరి జిల్లాల మర్యాద గురించి లోకమంతా చెప్పుకుంటుంది. 'రండి, కూర్చోండి, ఆయ్, చిత్తమండి' అని. కలువపువ్వు సెంటర్‌లో టీ కొట్టు దగ్గర నిలబడి పది నిమిషాలు వినండి. 'ఎప్పుడొచ్చారండీ' ఎవరికి పడుతుందో, 'ఎప్పుడొచ్చావురా' ఎవరికి పడుతుందో. వయసు చూసి కాదు, బట్ట చూసి, రంగు చూసి, కులం చూసి ఆ తోక మారుతుంది. అరవై ఏళ్ళ మన తాత ఏదో కాగితం కోసం ఆఫీసు గుమ్మం ఎక్కితే, కొడుకు వయసున్నవాడు 'ఏం కావాలి నీకు' అంటాడు. ఆ వెనకే వచ్చిన షావుకారు కొడుకుని 'చెప్పండి' అంటాడు. వ్యాకరణం అంటే పుస్తకంలో ఉండేదే అనుకుంటాం గానీ, మన మీద పడే అవమానం క్రియ చివరి అక్షరంలోనే ఉంటుంది. 'వు'కీ 'రు'కీ మధ్య ఉంటుంది.

ఏజెన్సీలో మన ఊళ్ళలో పెద్దవాళ్ళు కలెక్టర్ వచ్చినా 'నువ్వు' అనే అంటారు. అందులో పొగరు లేదు, లోకువా లేదు. అందరూ ఒకటే అనే లెక్క. కిందికి దిగాకే ఆ 'నువ్వు' రెండు రకాలుగా చీలిందని మనకి తెలిసింది.

ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు ఈ తేడా ఉండేది. నువ్వుకి 'దౌ' అనే మాట, మీరుకి 'యూ' అనే మాట. పైవాళ్ళని 'యూ' అంటూ అంటూ, చివరికి అందరినీ 'యూ' అనడం మొదలెట్టారు. 'దౌ' మామూలు మాటల్లోంచి పోయింది. అందుకే ఒక్కడితో మాట్లాడుతున్నా 'యూ ఆర్', 'యూ వర్' అని బహువచనం క్రియే వస్తుంది. అంటే ఇంగ్లిష్‌లో మిగిలింది 'నువ్వు' కాదు, 'మీరు'. దొరనైనా, కూలివాడినైనా అదే 'యూ'. దీనివల్ల ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళంతా సమానులైపోయారని మేము అనడం లేదు. అవమానించాలనుకునేవాడికి 'యూ'తోనూ దారి దొరుకుతుంది. కానీ మన కుర్రాడు ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నప్పుడు, ఎదుటివాడు అతనికి ఇచ్చే సర్వనామం, అతను ఎదుటివాడికి ఇచ్చే సర్వనామం ఒకటే అవుతుంది. ఆ కాస్త చోటు మనకి పనికొస్తుంది. ఇంగ్లిష్ నేర్చుకోవాలని మేము అనడానికి ఉద్యోగం ఒక కారణం, ఇది ఇంకో కారణం.

అలాగని ఇంగ్లిష్‌లో అన్నీ ఉన్నాయా? లేవు. 'వీ' అనే మాట చూడండి. మనకి 'మేము' వేరు, 'మనం' వేరు. మేము అంటే వింటున్నవాడు బయట. మనం అంటే వింటున్నవాడు లోపల. కువి లాంటి భాషల్లో ఈ తేడా క్రియ తోకలో కూడా ఉంటుంది. తెలుగులో సర్వనామంలో ఉంది గానీ, తోక రెండింటికీ 'వస్తాం' అనే ఒకటే. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా లేదు. 'వీ విల్ డెవలప్' అని ఎవరైనా మన ఊరొచ్చి చెప్తే, ఆ 'వీ'లో మనం ఉన్నామా లేదా అనేది ఆ మాట బట్టి తెలియదు. పోలవరం కింద ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకి వెళ్ళినవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు. రాజ్యాంగం పీఠికలో ఇంగ్లిష్ 'వీ'ని తెలుగులో 'మేము' అని రాసుకున్నాం. ఆ మేములో ఆదివాసీ ఉన్నాడా అని అడగడానికి రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి నిలబడ్డారు. 1946 డిసెంబర్ 19న. 1928 ఒలింపిక్స్‌లో దేశానికి హాకీ బంగారు పతకం తెచ్చిన జట్టు కెప్టెన్ ఆయన, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ముండా బిడ్డ. ఆయన మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే. ఆ భాష వచ్చు కాబట్టి అక్కడ వినిపించింది. ముండాగా నిలబడ్డారు కాబట్టి ఆ మాటకి బరువొచ్చింది. రెండూ కావాలి.

ఇక చదువుల సంగతి. 2019 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం బడులన్నీ ఇంగ్లిష్ మీడియం చేస్తూ జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. దాని మీద పెద్ద గొడవ జరిగింది. ఒక పక్క తెలుగు పోతుందని, ఇంకో పక్క పేదవాడికి ఇంగ్లిష్ వద్దా అని. ఆ గొడవలో మన పిల్లాడి ఊసు ఎక్కడా లేదు. కోయ ఇంట్లో పుట్టిన పిల్లాడికి తెలుగు మీడియం కూడా పరాయి మీడియమే. అదే నెలలో, ఏప్రిల్ 22న, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే ఇవ్వాలంది. దాన్ని మనం ఉద్యోగాల గొడవగానే చూశాం, ధర్నాలూ అలాగే చేశాం. కానీ పైన చెప్పిన ఐదు వాక్యాలూ మళ్ళీ చదవండి. 'హీ హ్యావ్' ఎందుకు వస్తుందో పిల్లాడికి చెప్పాలంటే వాడింట్లో ఆ వాక్యం ఎలా ఉంటుందో టీచర్‌కి తెలియాలి. తెలియని టీచర్ ఎంత మంచివాడైనా పట్టిక రాసి బట్టీ పట్టమనడం తప్ప చేయగలిగింది తక్కువ. స్థానిక టీచర్ కావాలనడం మన కడుపు కోసమే కాదు, పిల్లల నోరు కోసం కూడా.

రాజ్యాంగం 350ఏ అధికరణం భాషాపరంగా తక్కువమంది ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా చూడమంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, చిన్న తరగతులకి పుస్తకాలు కూడా వేశారు. కోయ, గోండి, కువి, కొండ, సవర, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా. దారి లేదని ఎవరూ అనలేరు. ఆ దారిలో పిల్లాడిని తల్లిభాష నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి నడిపించే వంతెన పాఠాలు కావాలి. ఆ నడకలో మొదటి మెట్టు సర్వనామం, క్రియ.

మనలోనే కొందరు అంటారు: 'కోయ ద్వారా ఇంగ్లిష్ ఏంటి, నేరుగా ఇంగ్లిష్‌లోనే పెంచితే పోలా?' పట్నంలో ఇంట్లో ఇంగ్లిష్ వినే పిల్లాడికి అది సరిపోతుంది. మన పిల్లాడు ఇంగ్లిష్ వినేది రోజుకి ఒక పీరియడ్. ఆ ముప్పావు గంటలో చెవి పట్టుకోలేనిదాన్ని కారణం చెప్తే మనసు పట్టుకుంటుంది. ఇంకొందరు అంటారు: 'గ్రామర్ వద్దు, తప్పో ఒప్పో మాట్లాడేయాలి.' మాట్లాడాలనే మేమూ అంటున్నాం. ఇంగ్లండ్‌లోనే నార్‌ఫోక్, సఫోక్ వైపు పల్లెల్లో తరాలుగా 'హీ గో' అనే అంటారు. వాళ్ళది ఇంగ్లిష్ కాదని ఎవరూ అనలేదు. మనకి వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు ఉన్నట్టే. కాబట్టి 'హీ గో' అన్నవాడు మూర్ఖుడు కాదు. కానీ పరీక్ష పేపర్ దిద్దేవాడు సఫోక్ పల్లె నుంచి రాడు. అక్కడ 'గోస్' రాస్తేనే మార్కు. మార్కు వదులుకునే స్తోమత మనకి లేదు.

మరి ఏం చేద్దాం? మేము ఇక్కడ ఆదివారాలు సాయంత్రం గదిలో కూర్చుని చేస్తున్నది చెప్తాం. మీ చోట మీరూ చేయండి. ఖర్చు లేదు.

ఒక నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో మీ ఇంటి భాష, రెండో గడిలో తెలుగు, మూడో గడిలో ఇంగ్లిష్. వెళ్ళడం, రావడం, తినడం, ఉండటం, చేయడం. ఐదు క్రియలు చాలు. ఒక్కొక్కదాన్ని నేను, నువ్వు, అతను, ఆమె, మేము, మనం, వాళ్ళు అని రాయండి. తోక ఎక్కడ మారిందో గీత గీయండి. ఇంగ్లిష్ గడిలో గీతలు ఎంత తక్కువ పడతాయో చూస్తే సగం భయం అక్కడే పోతుంది. ఇంటి భాష గడి నిండకపోతే అమ్మకి ఫోన్ చేసి అడగండి. ఆ గడి నింపడం కూడా చదువే.

మాట్లాడే ముందు మనసులో 'ఎవరు?' అని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ జవాబుతోనే ఇంగ్లిష్ వాక్యం మొదలెట్టండి. మా గదిలో ఇంకో కట్టుబాటు ఉంది: ఎవరూ నవ్వకూడదు, 'తప్పు' అని అరవకూడదు. తమ్ముడు 'మై ఫాదర్ గో' అంటే, పక్కవాడు 'ఓహో, యువర్ ఫాదర్ గోస్ టు ది ఫీల్డ్?' అని మామూలుగా తిరిగి అడుగుతాడు. సరైన వాక్యం చెవిన పడుతుంది, మనిషి కూర్చోడు, మాట ఆగదు.

డిగ్రీ దాటిన అన్నలూ అక్కలూ వారానికి ఒక గంట హాస్టల్ పిల్లలకి ఇవ్వండి. మీ భాష, వాళ్ళ భాష ఒకటే అయితే ఆ గంటకి పెద్ద కోచింగ్ కూడా సాటి రాదు. ప్రభుత్వాన్ని అడగాల్సినవి మాత్రం మానొద్దు: స్థానిక భాష తెలిసిన టీచర్లు, జీవో 3 స్థానంలో కోర్టులో నిలబడే చట్టం, ఎనిమిది భాషల పుస్తకాలకి తర్వాతి తరగతుల కొనసాగింపు.

ఇది చదివాక మీ భాషలో 'వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చాము, వచ్చారు' ఎలా అంటారో తెలుగు లిపిలో రాసి పెట్టండి. ఊరి పేరు కూడా రాయండి, ఎందుకంటే గోదావరి ఒడ్డు కోయకీ గుట్ట మీది కోయకీ తేడా ఉంటుంది. అన్నీ కలిపి ఒక పట్టిక చేసి హాస్టళ్ళలో పంచుదాం.

మేము అని మొదలెట్టాం ఈ పోస్టు. పట్టిక పూర్తయ్యేసరికి అది మనం కావాలి.

జోహార్.

— మండపేటలో ఉంటున్న గిరిజన విద్యార్థులం